హుషారుగా ఉన్న బాలింత

ఈ కేసు రాసుకోవచ్చా అని అడిగితే ఆమె పెట్టిన షరతు ఒక్కటే: "మా అత్తమ్మను చెడ్డగ రాయొద్దు మేడం." రాయను. తప్పెవరిదని లెక్క తీస్తే ముందు నా పేరే వస్తుంది. ఆమెను ఇక్కడ సునీత అంటాను, అసలు పేరు కాదు. ఊరు నర్సంపేట వైపు అనుకోండి. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. జబ్బు తీరు, మందులు, రోజుల లెక్క మార్చలేదు.

నేను హనుమకొండలో సైకియాట్రిస్టుని. సునీత నా దగ్గరకు వచ్చేనాటికి ఆమెకు 27 ఏళ్లు, కడుపులో బిడ్డకు 11 వారాలు. ఇంటర్ దాకా చదివింది, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. భర్త పత్తి జిన్నింగ్ మిల్లులో పని చేస్తాడు. సీజన్ మొదలైతే నైట్ షిఫ్టులే. ఎకరంన్నర మిర్చి తోట భారం అత్త ఒక్కదాని మీదే ఉంది. మూడేళ్ల ఆడపిల్ల. ఈ మిల్లు, మిర్చి సంగతులు మా కేసు షీట్లో 'వృత్తి' అన్న గడిలో ఒక్క ముక్కలో తేలిపోతాయి. కానీ ఈ కేసు తిరిగిందే వాటి చుట్టూ.

ఆమెను నా దగ్గరకు పంపింది ఊరి ఆశా. గర్భిణి కార్డు రాస్తూ పాత చీటీలు అడిగితే, వాటిలో లిథియం కనిపించింది, మనసు ఎగుడుదిగుళ్లను అదుపులో ఉంచే మందు. "ఈ గోలీలు ఇంకా వేసుకుంటున్నవా?" అని అడిగింది. అప్పటికే ఆపి 12 రోజులైందట. స్కానింగుకు వెళ్లిన చోట ఎవరో "ఇవి బిడ్డకు మంచివి కావు, ఇయ్యాలే బంద్ చెయ్" అన్నారు. చెప్పినవాళ్లు ఎందుకు వాడుతున్నావని అడగలేదు, ఈమె చెప్పలేదు. మానసిక జబ్బుకు మందులు వాడే గర్భిణులు నా దగ్గరకు వచ్చే దారి ఎక్కువసార్లు ఇదే. ముందు మందు ఆగుతుంది, ఆ తర్వాత మేం కనిపిస్తాం.

మొదటి కాన్పులో ఏం జరిగింది

మొదటి కాన్పు తల్లిగారింట్లో. నాలుగో రాత్రి నుంచి కంటి మీద కునుకు లేదు. ఆరో రోజుకు మాట ఆగడం లేదు. బిడ్డ మామూలు బిడ్డ కాదు, అమ్మవారు అన్నది. అభిషేకమంటూ పసిదాని నెత్తిన మాటిమాటికీ నీళ్లు పోస్తుంటే సునీత తల్లి గుంజుకుంది. కొందరు బాలింత గుణం అన్నారు, కొందరు గాలి సోకింది అన్నారు. తాయెత్తులకు, ముగ్గుల్లో కూర్చోబెట్టడానికి 11 రోజులు పోయాయి. ఆ తర్వాత ఆసుపత్రిలో 26 రోజులుంది. బిడ్డ ఇంటి దగ్గర, అమ్మమ్మ చేతిలో డబ్బాపాలతో పెరిగింది. సునీత తిరిగి వచ్చేసరికి పాలు ఎండిపోయాయి. ఇదంతా చెబుతూ ఆమె ఏడవలేదు. "నా బిడ్డ మా అవ్వ కొంగు పట్టుకున్నది, నా దిక్కు చూడలే" అన్న చోట మాత్రం ఆగింది. ఆ మాటను నేను కథగా విన్నాను. అందులో ఆమె తీసుకోబోయే నిర్ణయం ఉందని అప్పుడు తట్టలేదు.

ఇంకో ప్రశ్న అడిగాను: పెళ్లికి ముందు ఎప్పుడైనా ఇట్లా నిద్ర లేకుండా, అలసట లేకుండా రోజుల తరబడి ఉన్నావా? ఇంటర్ పరీక్షలప్పుడు వారం రోజులట. ఇంట్లో చెప్పకుండా అప్పు చేసి చీరలు కొన్నది, లెక్చరర్‌తో గొడవ పెట్టుకుంది. అప్పుడు దాన్ని 'చదువు టెన్షన్' అన్నారు. కాబట్టి ఇది కాన్పుతో వచ్చి కాన్పుతో పోయే జబ్బు కాదు, బైపోలార్: కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు దిగులు వచ్చిపోయే జబ్బు. కాన్పు దాన్ని ఎగదోసింది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, మొత్తం తల్లుల్లో కాన్పు తర్వాతి సైకోసిస్, అంటే మతి తప్పి లేనిది ఉన్నట్టు నమ్మే స్థితి, వెయ్యిలో ఒకరిద్దరికి వస్తుంది. బైపోలార్ ఉన్నవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి. బైపోలార్ ఉండి, ఒక కాన్పులో ఇప్పటికే వచ్చి ఉంటే దాదాపు ఇద్దరిలో ఒకరికి. వచ్చేది కూడా చాలావరకు మొదటి రెండు వారాల్లోనే. సునీతకు ఈ లెక్క చెప్పినప్పుడు, "అంటే బొమ్మా బొరుసా" అన్నది. అంతే.

ఆమె ఎంచుకున్నది

మందుల గురించి రెండుసార్లు కూర్చున్నాం. బైపోలార్‌కు వాడే ఇంకో మందు వాల్‌ప్రోయేట్ మాట ఎత్తనే లేదు. బిడ్డలు కనే వయసు ఆడవాళ్లకు దాన్ని రాయకపోవడమే నా పద్ధతి, వెన్నుపాము లోపాల నుంచి తర్వాతి చదువు దాకా బిడ్డను దెబ్బతీసే మందది. లిథియం సంగతి అంత సులువు కాదు. మొదటి మూడు నెలల్లో గుండె లోపాల ముప్పును కొంచెం పెంచుతుంది, డోసు ఎక్కువైతే ముప్పూ ఎక్కువ. కానీ 11 వారాలకు గుండె దాదాపు తయారైపోయింది. ఇప్పుడు మళ్లీ మొదలుపెడితే అసలు చిక్కు వేరు: గర్భంలో కిడ్నీలు లిథియంను వేగంగా బయటికి పంపుతాయి, రక్తంలో మోతాదు పడిపోతుంది, నెలనెలా, చివర్లో వారంవారం పరీక్ష కావాలి. పైగా లిథియం పాలలోకి వెళ్తుంది, అది వాడే తల్లిని పాలివ్వమని సాధారణంగా చెప్పం.

నన్నడిగితే లిథియమే అనేదాన్ని. అదే చెప్పాను. సునీత వింది, భర్త వైపు చూసింది. "పాలియ్యాలె మేడం. ఈసారి నేనే ఇయ్యాలె" అన్నది.

మతి బాగున్న మనిషి, లాభనష్టాలు తెలుసుకుని, తన బిడ్డ గురించి తీసుకున్న నిర్ణయం. దాన్ని 'సహకరించని రోగి' అని రాయడం మా వృత్తిలో పాత దురలవాటు. సైకోసిస్‌కు వాడే ఒలాంజపిన్ ఒక్కదాంతోనే వెళ్దామని ఒప్పుకున్నాం: రాత్రి 5 మి.గ్రా., కాన్పైన రోజు నుంచి 10. పాలలోకి తక్కువగా పోయే మందు, బిడ్డ మరీ మత్తుగా ఉందా, సరిగ్గా తాగుతుందా చూసుకుంటే సరిపోతుంది. షుగర్ వచ్చే అవకాశం పెంచుతుంది కనుక ఆరో నెలలో గ్లూకోజ్ పరీక్ష చేయించాం, మామూలుగానే ఉంది. నెలలన్నీ ప్రశాంతంగా గడిచాయి, వాటి గురించి రాయడానికేం లేదు.

34వ వారంలో కాగితం రాశాం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మనిషి బాగున్నప్పుడే, బాగాలేనప్పుడు తనకు ఎలా వైద్యం చేయాలో రాసి పెట్టుకోవచ్చు, తన తరఫున మాట్లాడే మనిషిని నియమించుకోవచ్చు. సునీత భర్తను పెట్టుకుంది. తన చేత్తో రాసింది: "నన్ను దవాఖానల ఉంచితే పాపను నా కాడనే ఉంచాలె." అదే చట్టం 21వ సెక్షన్ కూడా ఇంచుమించు అదే అంటుంది. మూడేళ్లలోపు బిడ్డను వైద్యం పొందుతున్న తల్లి నుంచి మామూలుగా విడదీయకూడదు. బిడ్డకు హాని ఉందనిపిస్తే తాత్కాలికంగా విడదీయవచ్చు, కానీ ఆ నిర్ణయాన్ని 15 రోజులకోసారి మళ్లీ చూడాలి, 30 రోజులు దాటితే మానసిక ఆరోగ్య అథారిటీ అనుమతి కావాలి, ఈలోగా ఎవరైనా పక్కనుండగా తల్లి బిడ్డను చూడొచ్చు.

ఇక నిద్ర. నా ప్లాన్‌లో గుండెకాయ అదే. రాత్రి 9కి గోలీ, 10 నుంచి 4 దాకా సునీతను ఎవరూ లేపొద్దు. ఆ మధ్యలో బిడ్డ లేస్తే పిండి పెట్టిన పాలు పట్టాలి. "రాత్రి ఎవరుంటారు?" అని అడిగాను. సునీత తల్లి "నేనే ఉంట, ఇంకెవలుంటరు" అన్నది. రాసుకున్నాను. గీత గీశాను. ఆశాకు ఒక నకలు ఇచ్చాను.

ఏ ఇంట్లో అని అడగలేదు.

ఐదో రోజు నుంచి ఏడో రోజు దాకా

జనవరి చివర్లో పెద్దాపరేషన్‌తో రెండో ఆడపిల్ల పుట్టింది. కాన్పుల వార్డులో సునీత తల్లి పక్కనే ఉంది. నిద్ర అంతంతమాత్రం. లైట్లు, పిల్లల ఏడుపులు, వచ్చేపోయే వాళ్లు. నాలుగో రోజు ఫోన్ చేసి మాట్లాడాను. గొంతు బాగుంది. ఇప్పుడు ఆలోచిస్తే కాస్త ఎక్కువే బాగుంది. పది నిమిషాల్లో నాలుగుసార్లు థాంక్స్ చెప్పింది.

ఐదో రోజు డిశ్చార్జి. తొలికాన్పు తల్లిగారిల్లు, మలికాన్పు అత్తగారిల్లు. ఇది మా వైపు చాలా ఇళ్లల్లో ఉన్న పద్ధతే. వీళ్లింట్లో ఇంకో కారణం కూడా ఉంది: "మీ ఇంట్లనే గాలి సోకింది" అని అత్తవైపు వాళ్లకు మూడేళ్లుగా ఉన్న కోపం. ఆటో నేరుగా అత్తగారింటికి వెళ్లింది. తల్లి రెండు గంటలు కూర్చుని ఊరెళ్లిపోయింది. వియ్యపురాలి ఇంట్లో రాత్రుళ్లు ఉండటం ఆమెకు కుదరని పని. భర్త మిల్లులో నైట్ షిఫ్టు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే సీజన్. అత్తకు మిర్చి ఏరే రోజులు, పొద్దున 6కే కూలీలతో తోటలో ఉండాలి. నేను రాసిన కాగితం ఫ్రిజ్ మీద ఉంది. అందులో అత్త పేరు లేదు. ప్లాన్ వేసిన రోజు ఆమె తోటలో ఉంది, నేను పిలిపించలేదు.

ఆ రెండు రాత్రులు గోలీ సునీత దాకా చేరలేదు.

ఏడో రోజు ఆశా ఇంటికి వెళ్లింది. పసిబిడ్డల కోసం ఆశాలు చేసే ఇంటి సందర్శనల్లో 7వ రోజు ఒకటి. వాళ్ల ఫారంలో బిడ్డ బరువు, వేడి, బొడ్డు, పాలు తాగడం అన్నీ ఉంటాయి. తల్లి రాత్రి ఎన్ని గంటలు పడుకుందో రాసే గడి నాకు కనబడలేదు. ఆమె మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల కుట్టుమిషన్ చప్పుడు. నాకు ఫోన్ చేసింది: "మేడం, కుట్లు ఇంకా పచ్చిగనే ఉన్నయి, ఈమె మిషన్ తొక్కుతున్నది. ఆరు గౌన్లు కుట్టింది. వాళ్ల అత్తేమో నా కోడలు మస్తు హుషారుగున్నదని సంబరపడుతున్నది."

బాలింత ఏడిస్తే ఇల్లంతా కదులుతుంది. ముద్ద ముట్టకపోతే అడుగుతారు. హుషారుగా ఉంటే ఎవరడుగుతారు? పైగా మెచ్చుకుంటారు. నేను ఇచ్చిన కాగితంలో కూడా గుర్తుల కింద 'నిద్ర పట్టకపోవడం, అతిగా మాట్లాడటం, చిరాకు' అని పుస్తకం భాషలో ఉంది. సునీత జబ్బు సునీత పద్ధతిలో వస్తుంది. ఆమెకు మొదటి గుర్తు రాత్రిపూట మిషన్. భర్తను అడిగి ఉంటే చెప్పేవాడు, పోయినసారి కూడా అదే అయింది. ఇప్పుడు ప్రతి కేసులో 'ఈ మనిషికి జబ్బు మొదలైతే ఇంట్లో మొట్టమొదట ఏం చప్పుడు వినిపిస్తుంది?' అని అడుగుతున్నాను.

వార్డులో

ఎనిమిదో రోజు పొద్దున చేర్చుకున్నాం. వాళ్లు 102 బండి కోసం ఆగలేదు, తెలిసినవాళ్ల కారులో వచ్చారు. మాట గలగలా దూకుతోంది, కుట్టు నొప్పి తెలియడం లేదు. ముందు శరీరం సంగతి తేల్చుకోవాలి. బాలింతకు మతి తప్పితే జ్వరం, ఇన్‌ఫెక్షన్, బీపీ, థైరాయిడ్, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం ఇవన్నీ చూడకుండా మా వార్డు జబ్బని ముద్ర వేయకూడదు. ముఖ్యంగా ఆ చివరిది. మన దగ్గర బాలింతకు నీళ్లు సరిగ్గా తాగనివ్వరు, నీళ్లు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. స్కాన్ బాగుంది, రక్త పరీక్షలు బాగున్నాయి.

తర్వాత బిడ్డ గురించి అడిగాను. సూటిగా అడగాలి. పాపను చూస్తే ఏమనిపిస్తుంది, పాపకు ఏమన్నా చేయాలనిపించిందా, పాపను కాపాడటానికి ఏదన్నా చేయాల్సి వస్తుందనిపిస్తుందా? చివరి ప్రశ్నకు గొంతు తగ్గించింది. "ఎవలకు ఇయ్యను మేడం. ఇచ్చిన్నంటే మారుస్తరు. ఇప్పటికే ఒకసారి మార్చిండ్రేమో." హాని చేయాలన్న ఆలోచన లేదు. కానీ బిడ్డను మార్చేశారన్న నమ్మకం గట్టిపడితే, ఇది నా బిడ్డ కాదు అన్న చోటికి పోవచ్చు. అక్కడ ప్రమాదం ఉంది. కాబట్టి బిడ్డ తల్లి దగ్గరే ఉంటుంది, కానీ ఎప్పుడూ మూడో మనిషి ఉండాలి, రాత్రి బిడ్డ వేరే మంచం మీద ఉండాలి అని రాశాను.

బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచే వార్డు 2009 నుంచి ఉంది. మా దగ్గర ఉన్నదల్లా నర్సుల గది పక్కన ఒక చిన్న గది. అందులో ఇంజెక్షన్ ట్రేలు, విరిగిన వీల్‌చైర్ ఉండేవి. అవి బయటపెట్టించాం. పసిబిడ్డకు ఏమన్నా అయితే బాధ్యత ఎవరిదని నర్సులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. రోజూ ఒకసారి పిల్లల డాక్టర్ చూసేలా ఒప్పించాక ఒప్పుకున్నారు. రెండో రోజుకు వాళ్లే వంతులేసుకుని ఎత్తుకోవడం మొదలుపెట్టారు.

ఒలాంజపిన్ 15కు పెంచి, మొదటి నాలుగు రాత్రులు నిద్రకు లోరాజెపామ్ కలిపాం. రెండు రోజులైనా నిద్ర మూడు గంటలు దాటలేదు. లిథియం లేకుండా ఇది ఆగేలా లేదు. ఆ మాట భర్తతో కాదు, సునీతతోనే మాట్లాడాలి. జబ్బు మధ్యలో కూడా మనిషికి పొద్దుటిపూట కొన్ని నిమిషాలు తెరిపి దొరుకుతుంది. ఆ టైంలో కూర్చుని చెప్పాను. చాలాసేపు బిడ్డ పాదం పట్టుకుని ఉంది. "ఎన్ని రోజులిచ్చిన మేడం?" అని అడిగింది. పదిరోజులు అన్నాను. "పెద్దదానికి ఆరే ఇచ్చిన" అన్నది. ఒప్పుకుంది.

పాలు ఆపడంలో ఒక చిన్న గండం తప్పింది. పాలు ఎండే గోలీ ఒకటి ఎవరో అలవాటుగా రాసేశారు. కాబర్గోలిన్, బ్రోమోక్రిప్టిన్ లాంటివి మెదడులో డోపమైన్ అనే రసాయనంలా పనిచేసే మందులు. సైకోసిస్ ఉన్న బాలింతకు అవి ఇస్తే నిప్పు మీద కిరోసిన్ పోసినట్టే. చార్టులో కొట్టేసి, బిగువైన జాకెట్టు, చల్లని గుడ్డలు, నొప్పికి పారాసిటమాల్‌తో నెమ్మదిగా తగ్గించాం. పారాసిటమాలే ఎందుకంటే, ఆపరేషన్ నొప్పికి వాడుతున్న డైక్లోఫినాక్ లిథియం మోతాదును రక్తంలో పెంచుతుంది.

దాన్ని ఆపినా మోతాదు పెరిగింది. లిథియం 900 మి.గ్రా. మీద ఆరో రోజు రక్త పరీక్షలో 0.8 దగ్గర వస్తుందనుకుంటే 1.2 వచ్చింది. చేతులు వణుకుతున్నాయి. డోసు సరిగ్గానే ఉంది, కిడ్నీలు బాగున్నాయి. అర్థం కాలేదు. మధ్యాహ్నం గదిలోకి వెళ్తే జవాబు స్టూలు మీద ఉంది: పథ్యం కూడు. ఉప్పు లేని కారప్పొడి అన్నం, పక్కన చిన్న గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు, అదీ పూటకొకటి. ఒంట్లో ఉప్పు, నీళ్లు తగ్గితే కిడ్నీ లిథియంను పట్టి ఉంచుతుంది. ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉన్న సంగతే. బాలింత పథ్యం అంటే సరిగ్గా ఉప్పు, నీళ్లు తగ్గించడమేనని నాకు పుట్టిన నాటి నుంచి తెలుసు. ఆ రెండూ ఒకేసారి గుర్తుకు రాలేదు. ఒక డోసు ఆపి, ఉప్పు వేసిన కూర, రోజుకు మూడు లీటర్ల నీళ్లు పెట్టించాం. మూడో రోజుకు 0.8.

ఆ పథ్యం వండి తెచ్చింది అత్త. ఆడవాళ్ల వార్డులో రాత్రి మగవాళ్లు ఉండకూడదు కనుక తోడు పడుకుంటున్నదీ ఆమే. మిర్చి తోట కూలీల మీద వదిలేసి వచ్చింది. భర్త బయట మెట్ల మీద పడుకునేవాడు. అతనికి కూడా నిద్ర లేదు, తిండి లేదు, కూలి పోయింది. అతన్ని నేను ఐదో రోజు దాకా 'అటెండరు'గానే చూశాను. పక్కన కూర్చోబెట్టి నీకెట్లున్నది అని అడిగితే అప్పుడు ఏడ్చాడు.

గోలీ ఎందుకివ్వలేదు

నీళ్ల సంగతి చెప్పడానికి అత్తను కూర్చోబెట్టిన రోజే ఆమె తనంతట తాను చెప్పింది. "డాక్టరమ్మా, ఆ రెండు రోజులు గోలీ దాచింది నేనే."

ఎందుకు పెద్దమ్మా అన్నాను.

"అది ఏసుకుంటె మొద్దు నిద్ర పోతది. నేను ఆ పక్క అర్రల పంట. చాప మీద బిడ్డ పక్కన్నే ఉంటది. మా వాడకట్టుల ఒక బాలింత నిద్రల బిడ్డ మీద ఒరిగింది. ఆ బిడ్డ దక్కలే."

నా దగ్గర జవాబు లేదు. ఆమె చెప్పింది వైద్యపరంగా నూటికి నూరుపాళ్లు నిజం. మత్తునిచ్చే మందు వేసుకున్న తల్లి పక్కన పసిబిడ్డను పడుకోబెట్టకూడదు. ఆ ఒక్క ముక్క నా కాగితంలో లేదు. అందులో ఉన్న గంటలు, మిల్లీగ్రాములు చూసి ఈ మనిషి భయం తీరదు. మందు ఇవ్వని అత్త అనే మాట ఫైల్లో రాసే ముందు, మందు ఎందుకు ఇవ్వలేదో అడిగిన వాళ్లం ఎందరం?

ఇంటికి పంపే ముందు కొత్త కాగితం రాశాం, ఈసారి అత్త చెప్పింది, సునీత రాసింది, నేను చూశాను. బిడ్డకు తొట్టెల కట్టేది అత్త అర్రలో. సునీత గోలీ అత్త చేతి మీదుగా. మిషన్ సూది తీసి పెట్టెలో పెట్టి తాళం వేయాలన్నది సునీత ఆలోచనే. పగలు అత్త తోటలో ఉండే గంటలకు తల్లి వస్తుంది, రాత్రి ఉండక్కర్లేదు కనుక వియ్యపురాళ్లిద్దరికీ ఇబ్బంది లేదు. భర్త రెండు నెలలు పగటి షిఫ్టు అడిగి తీసుకున్నాడు, కూలి కొంచెం తగ్గింది. అర్ధరాత్రి ఏమన్నా అయితే నా నంబర్, అది కలవకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. పిల్లల మధ్య ఎడం కోసం అంతర ఇంజెక్షన్, మూడు నెలలకోసారి, ఊరి దగ్గర పీహెచ్‌సీలోనే. 'ఆపరేషన్' చేయించేద్దామని బంధువులెవరో ఒత్తిడి చేశారు. జబ్బు ఇంకా తగ్గని మనిషితో అలాంటి సంతకం పెట్టించనని చెప్పాను.

వార్డులో మొత్తం 19 రోజులు. మొదటిసారికంటే వారం తక్కువ, అంతే. పెద్ద విజయమేమీ కాదు, నేను అనుకున్న ప్లాన్ నిలబడి ఉంటే అసలు రావాల్సిన పనే లేదు. నాలుగో నెలలో సునీత కొంత దిగులులోకి జారింది, పాల గురించే ఎక్కువ మాట్లాడింది. ఆరు వారాలు పట్టింది తేలడానికి. థైరాయిడ్ కూడా చూశాం, బాగానే ఉంది. పాప అమ్మ వాసన గుర్తుపడుతుంది, అమ్మ ఎత్తుకుంటేనే ఏడుపు ఆపుతుంది. ఆ సంగతి చెప్పడానికి ఒకసారి ప్రత్యేకంగా ఫోన్ చేసింది.

మొన్న బతుకమ్మకు పొద్దున ఐదున్నరకు అత్త ఫోన్. ఉలిక్కిపడి ఎత్తాను.

"డాక్టరమ్మా, నాలుగింటికే లేసి తంగేడు పువ్వుకు పోయింది. పాటలు పాడుకుంట పేరుస్తున్నది. మస్తు హుషారుగున్నది. ఇది పండుగ హుషారా, నువ్వు చెప్పిన హుషారా?"

"రాత్రి పడుకున్నదా?"

"తొమ్మిదింటికి గోలీ ఏసిన. పన్నది."

"మిషన్?"

"సూది నా కాడనే ఉన్నది."

"అయితే పండుగదే పెద్దమ్మా."

"గట్లనా. సరే, రక్తపరీక్షకు సోమవారం వస్తం" అని పెట్టేసింది.